విండోస్ 10 వదిలి లినక్స్ మింట్ 22.2కి మారినవాళ్లు: మొదటి అభిప్రాయాలు, తెలుగు టైపింగ్, ప్రింటర్ సంగతులు

పలకా_బలపం (నరసరావుపేట)

అందరికీ నమస్కారం. నేను హైస్కూల్లో తెలుగు టీచర్ని. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఇంటెల్ ఆరో తరం ఐ3, 8 జీబీ ర్యామ్. పాత హార్డ్ డిస్క్ తీయించి ఎస్ఎస్‌డీ కూడా వేయించుకున్నాను, శుభ్రంగా పనిచేస్తోంది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 పెడదామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ప్రాసెసర్ దాదాపుగా ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది, నాది ఆ జాబితాలో లేదు. బాగా నడుస్తున్న మెషిన్‌ని మూలన పడేసి మళ్లీ నలభై యాభై వేలు పెట్టడం నాకు మనస్కరించలేదు. మా అబ్బాయి విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ 22.2, అందులో సినమన్ అనే డెస్క్‌టాప్ ఉన్న ఎడిషన్ పెట్టి ఇచ్చాడు, విండోస్‌ని కూడా పక్కన ఉంచాడు.

నచ్చినవి ముందు చెప్తాను. ఎడమ చేతి కింద మెనూ, కింద పట్టీ, కుడివైపు గడియారం, అన్నీ అలవాటైన చోటే ఉన్నాయి కాబట్టి ఎవర్నీ అడక్కుండానే పని మొదలుపెట్టగలిగాను. అప్‌డేట్లు వచ్చాయని ఒక చిన్న గుర్తు చూపిస్తుంది, క్లాసు మధ్యలో తనంతట తాను రీస్టార్ట్ అవ్వదు. ఫైర్‌ఫాక్స్‌లో తెలుగు పేజీలు, ఒత్తులు, గుణింతాలు ఎక్కడా విరగకుండా కనిపిస్తున్నాయి.

ఇబ్బందులు నాలుగు. లిబ్రెఆఫీస్ రైటర్‌లో తెలుగుకి ఫాంటు సైజు పెంచి సేవ్ చేస్తాను, కొత్త పేరా మొదలెట్టగానే మళ్లీ చిన్నదైపోతుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లేఅవుట్ ఎలా పెట్టుకోవాలో తెలియక ప్రస్తుతానికి వెబ్‌సైట్‌లో టైప్ చేసి కాపీ చేస్తున్నాను. డీటీపీవాళ్లు వాడే అను ఫాంట్లలో ఉన్న పాత ప్రశ్నపత్రాలు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ ఏవేవో గుర్తులూ కలగాపులగంగా వస్తున్నాయి. ఇంకోటి, మళ్లీ విండోస్‌లోకి వెళ్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతోంది! ఎవరైనా చెప్పగలరా?

కెర్నల్_కుర్రాడు (హైదరాబాద్)

మేడమ్, గడియారం సంగతి ముందు, అది తేలిక. మదర్‌బోర్డులో ఉండే గడియారంలో విండోస్ మన లోకల్ టైమే రాసుకుంటుంది, లినక్స్ అంతర్జాతీయ సమయం రాసి, చూపించేటప్పుడు ఐదున్నర గంటలు కలిపి చూపిస్తుంది. ఇద్దరూ ఒకే గడియారాన్ని చెరో రకంగా చదువుతున్నారు, అంతే. మింట్‌లో టెర్మినల్ తెరిచి "టైమ్‌డేట్‌సీటీఎల్" కమాండ్‌తో ఆర్‌టీసీని, అంటే ఆ మదర్‌బోర్డు గడియారాన్ని, లోకల్‌గా మార్చమని మీ అబ్బాయికి చెప్పండి, ఒక్క లైను పని.

రైటర్ సంగతి చాలామందిని ఏడిపిస్తుంది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. లిబ్రెఆఫీస్ ఒకే డాక్యుమెంట్‌లో మూడు రకాల లిపులకు ఫాంటు, సైజు వేర్వేరుగా గుర్తుపెట్టుకుంటుంది: ఇంగ్లీషు లాంటివి ఒక గుంపు, చైనా జపాన్ లిపులు ఒక గుంపు, మన తెలుగు, హిందీ, అరబిక్ లాంటివి మూడో గుంపు. మీరు మార్చింది ఇంగ్లీషు గుంపు సైజు అయివుంటుంది, తెలుగుది పాత సైజులోనే ఉండిపోయింది. టూల్స్‌లో ఆప్షన్స్, అందులో లాంగ్వేజెస్ అండ్ లొకేల్స్‌కి వెళ్లి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ దగ్గర తెలుగు ఎంచుకోండి. ఆ తర్వాత డీఫాల్ట్ పేరా స్టైల్‌ని ఎడిట్ చేసి, ఫాంటు ట్యాబ్‌లో ఆ మూడో గుంపు దగ్గర మీకు కావలసిన ఫాంటు, 14 పాయింట్ సైజు పెట్టి దాన్నే టెంప్లేట్‌గా సేవ్ చేసుకోండి. ఇక ప్రతి ప్రశ్నపత్రం దానిమీద మొదలుపెట్టొచ్చు.

ఫాంట్ల విషయానికొస్తే విండోస్‌తో వచ్చే గౌతమి, నిర్మల ఇక్కడ ఉండవు, అవి మైక్రోసాఫ్ట్‌వి. అందుకే గౌతమిలో చేసిన ఫైలు ఇక్కడ తెరిస్తే లైన్లు జరిగి రెండు పేజీలది మూడు పేజీలవుతుంది. నోటో సాన్స్ తెలుగు చదవడానికి బాగుంటుంది. పోతన, వేమన ఫాంట్లు సాఫ్ట్‌వేర్ రిపాజిటరీలోనే దొరుకుతాయి. శీర్షికలకి రామభద్ర, మామూలు పాఠానికి మండలి, కాస్త పుస్తకం కళ రావాలంటే సురన్న. ఇవి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. ఫైలు దించుకుని దానిమీద రెండుసార్లు నొక్కి ఇన్‌స్టాల్ అంటే చాలు.

సిద్దిపేట_చిన్నోడు

నేను బీటెక్ సెకండియర్. నాది 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్, మా అన్న వాడి ఇచ్చిండు. సినమన్ పెడితే బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు తీసేసరికి బరువెక్కింది, తేలికగా ఉండే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ పెట్టుకున్న, హాయిగా ఉంది. సీ, పైథాన్ ల్యాబ్ పనులకు విండోస్ కన్నా ఇదే సులువు. పైథాన్ ముందే ఉంటది, సీ కంపైలర్ ఒక్క కమాండ్‌తో వస్తది, పాత్‌లు సెట్ చేసే గొడవ లేదు.

వైఫై మాత్రం మొదట అస్సలు కనిపించలే. ఇన్‌స్టాల్ అయినంక నెట్ లేకపోతే డ్రైవర్ ఎట్ల దించుకోవాలె? ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే వెంటనే నెట్ పట్టింది, అప్పుడు డ్రైవర్ మేనేజర్ తీస్తే ఆ కార్డుకి సరిపోయే డ్రైవర్ అదే చూపించింది. ఎవరికైనా వైఫై రాకపోతే భయపడి వెనక్కి పోవద్దు, ముందు ఇది చేసి చూడండి.

వేలిముద్ర కోసం 22.2లో ఫింగ్‌విట్ అని కొత్త యాప్ ఇచ్చిండ్రు, నా రీడర్‌ని అది గుర్తుపట్టలే. ఆటల సంగతి కూడా చెప్తున్న: స్టీమ్‌లో చాలా ఆటలు ప్రోటాన్ (విండోస్ ఆటల్ని లినక్స్‌ల నడిపించేది) మీద నడుస్తయి, వాలరంట్ మాత్రం నడవదు, దాని యాంటీ చీట్ లినక్స్‌ని రానివ్వదు. మా హాస్టల్‌లో సగం మంది దానికోసమే విండోస్ వదలట్లే. ఆన్‌లైన్ పరీక్షలకు కెమెరా పెట్టి చూసే సాఫ్ట్‌వేర్లు కూడా చాలావరకు విండోస్, మ్యాక్‌లకే ఉంటయి. ప్లేస్‌మెంట్ టెస్టులు రాసేటోళ్లు ముందే కనుక్కోండి, ఆ రోజు టెన్షన్ పడొద్దు.

అక్షరాల_కొట్టు (విజయవాడ)

టీచర్ గారూ, అను గురించి నేను చెప్తాను, నాకు ఇదే బతుకుతెరువు. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, రసీదు పుస్తకాలు, కార్తీక మాసం వస్తే గుళ్ల పాంప్లెట్లు, అన్నీ పేజ్‌మేకర్ 7లోనే చేస్తాం. అది వచ్చింది 2001లో. తర్వాత కొత్త వెర్షన్ లేదు, అయినా మన ఊళ్లలో సగం ప్రింటింగ్ ఇప్పటికీ దానిమీదే నడుస్తోంది. ఎందుకంటే అనులో ఉన్నన్ని రకాల తెలుగు అక్షర రూపాలు, లావుపాటివి, వంపువి, శుభలేఖకి నప్పేవి, అన్ని కంప్యూటర్లకీ ఉమ్మడి పద్ధతైన యూనికోడ్‌లో ఇంకా అంత విరివిగా లేవు. ఇరవై ఏళ్ల ఫైళ్లు ఉన్నాయి మా దగ్గర. "అన్నా, మా పెద్దమ్మాయి కార్డు ఉంది కదా, అందులో పేర్లు మార్చి చిన్నమ్మాయికి వెయ్యి" అని వచ్చే బేరాలే ఎక్కువ.

మీ ఫైల్లో గుర్తులు కనబడటానికి కారణం, అనులో నిజానికి తెలుగు అక్షరాలే ఉండవు. ఇంగ్లీషు అక్షరం ఉన్న చోట ఫాంటు తెలుగు బొమ్మ గీస్తుంది. ఆ ఫాంటు లేకపోతే కింద ఉన్న అసలు అక్షరం బయటపడుతుంది. కాబట్టి ఇది మింట్ తప్పు కాదు, అను ఫాంట్లు లేని విండోస్ 11లో తెరిచినా అంతే.

నేను రెండు మెషిన్లు విడదీశాను. ఒకటి పాత విండోస్ 10, దానికి నెట్ కేబుల్ పీకేశాను, పేజ్‌మేకర్, అను అందులోనే. రెండోదానిలో మింట్. కస్టమర్లు వాట్సాప్‌లో, మెయిల్‌లో పంపే ఫైళ్లు, పెన్‌డ్రైవ్‌లు, పీడీఎఫ్‌లు, స్కానింగ్ దీంట్లో. వచ్చే పోయే పెన్‌డ్రైవ్‌లతో షార్ట్‌కట్ వైరస్ అంటుకుని ఫోల్డర్లు మాయమయ్యే గొడవ ఈ రెండో మెషిన్‌లో లేదు, నాకు అదే పెద్ద ఊరట.

లెక్కలపద్దు (గుంటూరు)

నేను కాస్త గట్టిగానే చెప్తాను, ఏమనుకోవద్దు. ఇళ్లలో, చదువులకి మింట్ బాగుంటుంది. ఆఫీసు లెక్కల మెషిన్‌కి మాత్రం ఉత్సాహం మీద పెట్టకండి. టాలీ విండోస్ కోసం చేసిన సాఫ్ట్‌వేర్. విండోస్ ప్రోగ్రాముల్ని లినక్స్‌లో నడిపే వైన్ మీద నడిపించొచ్చు అంటారు, మార్చి 31 దగ్గర పడ్డప్పుడు డేటా ఫైలు తెరుచుకోకపోతే ఎవరు జవాబు చెప్తారు? డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ల డ్రైవర్లు కూడా ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. ప్రొప్రైటర్లకి జీఎస్టీ రిటర్న్ ఓటీపీతో (దాన్నే ఈవీసీ అంటారు) వేసేయొచ్చు కాబట్టి వాళ్లకి బ్రౌజర్ ఉంటే చాలు. కంపెనీలకి టోకెన్ తప్పదు.

అలాంటివాళ్లకి వెసులుబాటు ఉంది. విండోస్ 10కి ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ అని మైక్రోసాఫ్ట్ ఒక పథకం పెట్టింది. సొంత కంప్యూటర్లకి 2026 అక్టోబర్ 13 దాకా అప్‌డేట్లు వస్తాయి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి విండోస్ బ్యాకప్‌లో సెట్టింగ్స్ సింక్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు, లేదంటే 1000 రివార్డ్స్ పాయింట్లు, అదీ కాకపోతే 30 డాలర్లు. సంస్థల డొమైన్‌లో ఉన్న మెషిన్లకి లెక్క వేరు. ఈలోపు స్థిమితంగా ఆలోచించుకుని కొత్త మెషిన్ కొనడమో ఇంకోటో చేయండి.

కెర్నల్_కుర్రాడు

లెక్కలపద్దు గారి మాటతో ఏకీభవిస్తాను, నేను ఆఫీసుల్లో సర్వర్లు చూసేవాడినే. మా దగ్గర సర్వర్లన్నీ లినక్సే, అయినా అకౌంట్స్ సెక్షన్ జోలికి పోం. కానీ "ఇంట్లో బాగుంటుంది" అనేదాన్ని చిన్నచూపుగా తీసుకోవద్దని నా మనవి. మన దగ్గర ఎన్ని ఇళ్లలో ఆరో తరం, ఏడో తరం మెషిన్లు ఉన్నాయో చూడండి. అవి అప్‌డేట్లు లేకుండా అలాగే నెట్‌లో తిరగడం కన్నా ఇది ఎంతో మేలు. మింట్ 22 సిరీస్ మొత్తం ఉబుంటు 24.04 పునాది మీద ఉంది, 2029 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి.

కొత్తగా పెట్టేవాళ్లకి ఒక మాట. ఇన్‌స్టాల్ చేయకముందు పెన్‌డ్రైవ్ నుంచే లైవ్‌గా నడిపి చూడండి, డిస్క్‌ని అది ముట్టుకోదు. వైఫై, సౌండ్, బ్లూటూత్, కెమెరా, ప్రింటర్ అన్నీ అందులోనే పరీక్షించుకోవచ్చు. విండోస్ పక్కన పెట్టదలిస్తే, ముందు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి, లేకపోతే అది సగం నిద్రలో ఆగి, మింట్ నుంచి డీ డ్రైవ్ తెరిస్తే చదవడమే కానీ రాయనివ్వదు. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసుకుని రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇది మాత్రం అశ్రద్ధ చేయకండి, కీ లేకపోతే ఫొటోలు, సర్టిఫికెట్లు ఏవీ వెనక్కి రావు. ఇన్‌స్టాల్ అయ్యాక టైమ్‌షిఫ్ట్‌లో ఒక స్నాప్‌షాట్ తీసుకుంటే, తర్వాత ఏ అప్‌డేట్‌తోనైనా సిస్టమ్ చెడితే పాత స్థితికి తెచ్చుకోవచ్చు.

డల్లాస్_తెలుగు

మా అమ్మానాన్న రాజమండ్రిలో ఉంటారు. పోయినసారి ఇండియా వచ్చినప్పుడు వాళ్ల పాత డెస్క్‌టాప్‌లో మింట్ పెట్టి వచ్చాను. నాన్నగారికి కావలసింది ఈ-పేపర్, యూట్యూబ్‌లో ప్రవచనాలు, బ్యాంకు స్టేట్‌మెంట్ ప్రింట్. అమ్మకి మాతో వీడియో కాల్. ఈ పనులకి ఏ ఆపరేటింగ్ సిస్టమ్ అనేది వాళ్లకి పట్టదు, డెస్క్‌టాప్ మీద బొమ్మలు పెద్దవి చేసి, అక్షరాల సైజు 1.3 రెట్లు పెంచి, ఫైర్‌ఫాక్స్, వీడియో కాల్, ప్రింటర్ మాత్రం కనిపించేలా పెట్టాను.

నేను మార్చడానికి అసలు కారణం వేరు. "మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఈ ఫైలు దించి నొక్కండి" అని ఫోన్ చేసేవాళ్ల బెడద. వాళ్లు పంపేవి ఎక్కువగా విండోస్ ఈఎక్స్‌ఈ ఫైళ్లు, అవి ఇక్కడ నొక్కితే నడవవు. ఓటీపీ చెప్పించుకునే మోసాల నుంచి ఇది కాపాడదు, ఆ సంగతి నాన్నగారికి విడిగా చెప్పాను. ఏదైనా సమస్య వస్తే రస్ట్‌డెస్క్ అనే రిమోట్ యాప్‌తో ఇక్కడి నుంచే చూస్తున్నాను. మాకు పొద్దున అయ్యేసరికి వాళ్లకి సాయంత్రం అవుతుంది కాబట్టి ఆ వేళే కుదురుతుంది.

ఇంటర్‌ఫేస్‌ని తెలుగులోకి మార్చి చూశాను. కొన్ని మెనూలు తెలుగులో, కొన్ని ఇంగ్లీషులో రావడంతో అమ్మ ఇంకా తికమక పడింది, తిరిగి ఇంగ్లీషే పెట్టేశాను. అనువాదం సగంలో ఆగింది. ఇక్కడ ఉన్న టీచర్లు, రాయగలిగినవాళ్లు ఒక చేయి వేస్తే బాగుండును, వాటిని ఎవరైనా చేయొచ్చు కదా.

పలకా_బలపం

స్వేచ్ఛ సంస్థవాళ్లు హైదరాబాద్‌లో చాలా ఏళ్ల క్రితమే తెలుగు మెనూలతో లినక్స్ తెచ్చారు, పిల్లలకోసం బాలస్వేచ్ఛ కూడా. ఆ పని అందరికీ తెలిసుంటే ఈపాటికి మన బడుల్లో ఉండేది. కేరళలో ప్రభుత్వ పాఠశాలల కంప్యూటర్లన్నీ లినక్స్ మీదే నడుస్తాయి, పదో తరగతి ఐటీ పాఠాలు కూడా దానిమీదే. మన రెండు రాష్ట్రాల్లో ఎందుకు చేయకూడదు అని నాకు నిజంగానే బాధగా ఉంటుంది. మా ల్యాబ్‌లో కంప్యూటర్లు ఉన్నాయి, లైసెన్సు అయిపోయిందన్న నల్ల తెరతో పడి ఉన్నవి కూడా ఉన్నాయి. హెచ్ఎం గారిని అడిగి ఒకదానిలో లైవ్ పెన్‌డ్రైవ్ పెట్టి పిల్లలకి చూపించాలనుకుంటున్నాను.

కెర్నల్ తమ్ముడూ, నువ్వు చెప్పినట్టు పేరా స్టైల్ మార్చాను, సైజు ఇక కదలడం లేదు! శీర్షిక రామభద్రలో, ప్రశ్నలు మండలిలో పెడితే పేపరు ఎంత ముచ్చటగా వచ్చిందో. స్కూల్లో ఉన్న పాత లేజర్ ప్రింటర్ మాత్రం మింట్‌తో పలకలేదు, పీడీఎఫ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్తున్నాను.

అక్షరాల_కొట్టు

ప్రింటర్ల సంగతి మోడల్‌ని బట్టి ఉంటుందమ్మా. కొత్త వైఫై ప్రింటర్లు చాలావరకు డ్రైవర్ అక్కర్లేకుండానే పట్టుకుంటున్నాయి. హెచ్‌పీ వాటికి హెచ్‌పీలిప్ అనే ప్యాకేజీ ఉంది, అది బాగా పనిచేస్తుంది. పాత చవక లేజర్లలో పేజీని తయారుచేసే పని ప్రింటర్ చేయదు, కంప్యూటర్‌లోని డ్రైవరే చేసి పంపాలి, ఆ డ్రైవర్ కంపెనీ ఇస్తేనే ఉంటుంది. మీ స్కూలుది ఆ కోవలోది అయివుంటుంది. పీడీఎఫ్ దారే మంచిది.

పాత ప్రశ్నపత్రాలకి అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి. మార్చాక మాత్రం ఒకసారి చదవాల్సిందే. క్రావడి, వట్రసుడి ఉన్న చోట్ల తడబడతాయి, "కృష్ణ", "ప్రశ్న" లాంటి మాటలు ముందు వెతికి చూసుకోండి.

నాకూ ఒక సందేహం. నా వేళ్లు అనులోని యాపిల్ అనే కీబోర్డు లేఅవుట్‌కి అలవాటు పడిపోయాయి. పేజ్‌మేకర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ 1.6లో తెలుగు ఒత్తులు సరిగ్గానే పడుతున్నాయి, పాత వెర్షన్లలో పడేవి కావు. చిన్న కరపత్రాలు దాంట్లో చేయగలననిపిస్తోంది. కానీ ఇన్‌స్క్రిప్ట్ ఇప్పుడు నేర్చుకుంటే రోజుకి చేసే పనిలో సగం కూడా తెమలదు.

కెర్నల్_కుర్రాడు

అన్నా, నేర్చుకోనక్కర్లేదు. టైపింగ్ పద్ధతులు మార్చుకునే ఐబస్ అనే ప్రోగ్రాంకి ఎం17ఎన్ అనే ప్యాకేజీ కలుపుకోండి. అందులో తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్, ఇంగ్లీషు స్పెల్లింగుతో తెలుగు కొట్టే ఐట్రాన్స్, ఆర్‌టీఎస్, ఇంకా పోతనతో పాటు యాపిల్ అనే లేఅవుట్ కూడా ఉంది. వచ్చేది యూనికోడ్ అక్షరాలే. అనులో మీరు కొట్టే కీలతో ఎంతవరకు కలుస్తుందో మీ వేళ్లే చెప్పాలి, చూసి ఇక్కడ రాయండి, ఇంకా చాలామంది డీటీపీవాళ్లకి పనికొస్తుంది.

టీచర్ గారికి ఇన్‌స్క్రిప్ట్ కాబట్టి ఐబస్ కూడా అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో కీబోర్డ్, లేఅవుట్స్ ట్యాబ్, ప్లస్ గుర్తు నొక్కి తెలుగు ఎంచుకోండి, ఇంగ్లీషు తెలుగు మార్చుకోవడానికి అక్కడే ఆప్షన్స్‌లో మీకు నచ్చిన కీ పెట్టుకోండి.

పలకా_బలపం

వచ్చేసింది! ఇన్‌స్క్రిప్ట్ అచ్చం అదే. ఇంకొక్కటే మిగిలింది. "సాఫ్ట్‌వేర్", "ఫేస్‌బుక్" లాంటి మాటలు కొడితే ట కింద వ ఒత్తు, స కింద బ ఒత్తు వచ్చేస్తున్నాయి. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, 2 కలిపి నొక్కి విడదీసేదాన్ని. ఇక్కడ అది పనిచేయడం లేదు.

కెర్నల్_కుర్రాడు

దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అదే ఆప్షన్స్ పెట్టెలో కిందికి వెళ్తే స్పేస్ కీతో నాన్ బ్రేకింగ్ స్పేస్ ఇచ్చే సెట్టింగు ఒకటి ఉంటుంది, అందులో "జీరో విడ్త్ నాన్ జాయినర్ రెండో లెవెల్‌లో" అన్నది ఎంచుకోండి. తర్వాత పొల్లు కొట్టాక షిఫ్ట్ పట్టుకుని స్పేస్ నొక్కితే అక్షరాలు విడిపోతాయి.

సిద్దిపేట_చిన్నోడు

అన్నా ఇది నాకు ఐబస్‌లో కావాలె, నేను ఆర్‌టీఎస్‌లో కొడత. అందులో ఎట్ల?

కెర్నల్_కుర్రాడు

కంట్రోల్, షిఫ్ట్, యూ కలిపి నొక్కు, కింద గీత ఉన్న చిన్న యూ కనిపిస్తుంది, అప్పుడు 200 కొట్టి, దాని పక్కనే ఇంగ్లీషు సీ అక్షరం కొట్టి ఎంటర్ నొక్కు. రైటర్‌లోనూ బ్రౌజర్‌లోనూ చూసి పడిందో లేదో చెప్పు తమ్ముడూ.